సెల్‌ఫోన్లతో నాటకం, ప్రసంగం నేర్పడం: ముందు చివరి బెంచీ, ఆ తర్వాతే రికార్డింగు

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఈ సెమిస్టర్ నుంచి నాటకం, ప్రసంగం కలిపి ఒక స్కిల్ కోర్సుగా నాకు అప్పజెప్పారు. వారానికి మూడు పీరియడ్లు, 60 మంది పిల్లలు. ‘కొత్త టెక్నాలజీ వాడి చెప్పండి’ అన్నారు. ఉన్నవల్లా సెమినార్ హాలు, ప్రొజెక్టరు, రెండు చేతి మైకులు, ఒక ల్యాప్‌టాప్. ఇంకేమైనా కొనడానికి 20 వేలు ఇస్తామంటున్నారు. పిల్లల్లో చాలామందికి ఫోన్లున్నాయి, అందరికీ లేవు. వీడియో తీసి క్లాసులో చూపిస్తే సిగ్గుపడి ఇంకా ముడుచుకుపోతున్నారు. ప్రసంగం తయారుచేసుకు రమ్మంటే ఏఐతో రాయించుకొచ్చి చదివేస్తున్నారు. వాళ్ళ యాసని సరిదిద్దాలా వద్దా అన్నది కూడా నాకు తేలడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ దగ్గర ఉన్న సామాను చాలు. దాన్ని ఏ వరసలో వాడుతున్నారన్నదే అసలు విషయం. మాట్లాడేవాడికి తన గొంతు బయటికి ఎలా వినిపిస్తోందో, తన చేతులు ఏం చేస్తున్నాయో తెలియదు. ఫోను ఆ రెండూ చూపిస్తుంది. కానీ హాల్లో చివరి వరుసలో కూర్చున్న మనిషికి మాట అందిందా లేదా అన్నది ఫోను చెప్పలేదు. ఆ లెక్క ఎప్పుడూ మనిషి చెవితోనే తేలాలి. అందుకని మొదటి రెండు వారాలు మైకు, కెమెరా రెండూ పక్కన పెట్టండి.

ఆ రెండు వారాలకు చివరి బెంచీ డిక్టేషన్ సరిపోతుంది. ఒకరు వేదిక మీద నిలబడి పది వాక్యాలు చదవాలి. చివరి వరుసలో ఇద్దరు కూర్చుని విన్నది విన్నట్టు రాయాలి. వాక్యాలు ముందుగా ఎవరికీ చూపించకండి. సందర్భాన్నిబట్టి ఊహించడానికి వీల్లేని మాటలు అందులో పడేలా చూడండి: మెడ–మేడ, గుడి–గుడ్డి, కల–కళ, కాలు–కాళ్ళు. ‘మెడ చూపించు’ అన్నది ‘మేడ చూపించు’ అని రాశారంటే హ్రస్వం సాగిందన్నమాట. ‘గుడి ఆవిడ’ అని రాశారంటే ఒత్తు పోయిందన్నమాట. తప్పు ఎక్కడో కాగితమే చెబుతుంది కాబట్టి మీరు ఎవరినీ నలుగురిలో తప్పుపట్టక్కర్లేదు. డిక్టేషన్ జరిగినంతసేపూ ఫ్యాన్లు ఆపించండి. ఒకసారి ఫ్యాన్లు వేసి కూడా చేయించండి, ఎందుకంటే ప్రదర్శన రోజున ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి.

మూడో వారంలో ఫోన్లు బయటికి తీయండి. 60 మందిని ఆరుగురేసి పది జట్లు చేయండి, జట్టుకు ఒక ఫోను చాలు. ఫోను లేని పిల్లల ఇబ్బంది కూడా దీంతో తీరిపోతుంది. మొదట గొంతు మాత్రమే రికార్డు చేయించండి, వీడియో వద్దు. మీ పిల్లలు ముడుచుకుపోవడానికి పెద్ద కారణం గొంతు కాదు, తెర మీద తమ మొహాన్ని అందరి మధ్య చూసుకోవాల్సి రావడం. ఎవరి రికార్డింగు వాళ్ళే ఇయర్‌ఫోన్‌లో ముందు వినాలి. ఆ తర్వాత ఇష్టమైతే జట్టుకు వినిపించాలి. క్లాసు మొత్తానికి వినిపించడం ఆరో వారం దాకా వద్దు.

రికార్డింగుకు పద్ధతి ఇది. సుమారు 250 అక్షరాల వచనం ఒకటి ఎంచుకుని అందరికీ అదే ఇవ్వండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే మధ్యలో కాల్ వచ్చి రికార్డింగు ఆగిపోతుంది. ఫోను నోటికి జానెడున్నర దూరంలో, కాస్త పక్కగా ఉండాలి. సూటిగా ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడల్లా ఊపిరి వెళ్ళి మైకుకు తగిలి ‘బుఫ్’మని కొడుతుంది. ఈ మొదటి రికార్డింగును జాగ్రత్తగా దాచండి. ఎనిమిదో వారంలో, చివరి వారంలో ఇదే వచనాన్ని ఇలాగే చదివించి మూడూ పక్కపక్కన పెట్టి వినిపిస్తే, తాము ఎంత మారారో పిల్లలకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక విషయం మీరు తప్పక తెలుసుకోవాలి. ఫోన్ రికార్డరు గొంతు తగ్గినప్పుడు తనంతట తానే పెంచుతుంది, పెరిగినప్పుడు తగ్గిస్తుంది. అందుకే లోగొంతుతో గొణిగిన పిల్లవాడిదీ, హాలు నిండేలా పలికిన పిల్లదీ ప్లే చేస్తే ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. గొణిగినవాడు ‘నాది బాగానే ఉందిగా’ అనుకుంటాడు. కాబట్టి ఫోన్ రికార్డింగుతో గొంతు బలానికి మార్కులు వేయకండి. ఉచ్చారణ, వేగం, విరుపు, ఊపిరి తీసుకునే చోటు, ఈ నాలుగింటికే దాన్ని వాడండి. గొంతు అందడానికి చివరి బెంచీ ఉండనే ఉంది. జూమ్‌లో క్లాసు తీసుకోవాల్సి వస్తే ఇదే చిక్కు ఇంకా పెద్దదవుతుంది. అది చప్పుడును తగ్గించే పనిలో సన్నటి ఊపిరి ధ్వనుల్నీ, మాట చివర్లనీ కూడా కోసేస్తుంది. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్ చేయిస్తే కొంత నయం. ఆన్‌లైన్‌లో అందరిచేతా ఒకేసారి పలికించే బృందగానం, బృందపఠనం మాత్రం కుదరదు. ఒక్కొక్కరి గొంతూ ఒక్కో ఆలస్యంతో వస్తుంది.

రికార్డింగులో మొట్టమొదట ఏం వెతకాలి? వాక్యం చివర. తెలుగులో క్రియ చివరికి వస్తుంది, అవునా కాదా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ‘మా నాన్న నిన్న ఊరికి వెళ్ళ…’ దాకా గట్టిగా చెప్పి అక్కడ ఊపిరి అయిపోతే, వెళ్ళాడో వెళ్ళలేదో వినేవాడికి తెలియదు. కొత్తగా మాట్లాడేవాళ్ళలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఇంగ్లీషు పాఠాలనుంచి తెచ్చుకున్న ప్రసంగ సూత్రాల్లో దీనికి మందు దొరకదు, అక్కడ క్రియ ముందే వచ్చేస్తుంది కదా. ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని రికార్డింగు తెరవండి. ఫోను గొంతును కొంత సర్దినా, వాక్యం మొదట్లో లావుగా ఉన్న గీత చివరికొచ్చేసరికి దారంలా సన్నబడితే అది చాలావరకు కంటికి కనిపిస్తుంది. ‘చివర మింగేస్తున్నావు’ అని పదిసార్లు చెప్పేకంటే ఆ గీత ఒక్కసారి చూపించడం మేలు. రెండు జాగ్రత్తలు: ఆడాసిటీలో గొంతు పెంచే ఎఫెక్టులేవీ ముందుగా వాడకండి, పోలిక పోతుంది. చాలా ఫోన్లు ఎం4ఏ ఫైలుగా దాస్తాయి. విండోస్‌లో ఆడాసిటీ దాన్ని తెరవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే చిన్న తోడు సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోవాలి. అది లేక ‘ఫైలు తెరుచుకోవట్లేదు’ అని మొదటి రోజే చాలామంది వదిలేస్తారు. రికార్డరు సెట్టింగులో ఫైలు రకం వేవ్ (WAV) ఉంటే అదే పెట్టుకోండి.

మందు ఏమిటంటే, వాక్యాన్ని వెనకనుంచి కట్టించడం. ముందు ‘వెళ్ళలేదు’ అని నిండుగా పలకాలి. తర్వాత ‘ఊరికి వెళ్ళలేదు’. తర్వాత ‘నిన్న ఊరికి వెళ్ళలేదు’. చివరికి ‘మా నాన్న నిన్న ఊరికి వెళ్ళలేదు’. ఎంత పొడుగైనా ‘వెళ్ళలేదు’ మొదటిసారి పలికినంత నిండుగానే ఉండాలి. పొడుగు వాక్యమైతే క్రియకు ముందున్న మాట దగ్గర చిన్న ఊపిరి తీసుకోమని పెన్సిలుతో గీత పెట్టించండి. రోజూ పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు దీనికి ఇస్తే నెలరోజుల్లో తేడా కనిపిస్తుంది.

వేగం సంగతి. ఇంగ్లీషు పుస్తకాల్లో నిమిషానికి 130–150 మాటలు అని ఉంటుంది. దాన్ని తెలుగుకు వాడితే లెక్క తప్పుతుంది. ‘రాలేకపోయినందుకు’ అన్నది మనకు ఒక్క మాటే. అక్షరాలు లెక్కపెట్టండి. హాల్లో నిలబడి చెప్పేటప్పుడు నిమిషానికి 250–300 అక్షరాల మధ్య ఉంటే సౌకర్యంగా వినబడుతుంది. మీరిచ్చిన 250 అక్షరాల వచనం 40 సెకన్లకే అయిపోయిందంటే ఆ పిల్ల భయంతో పరిగెత్తుతోందన్నమాట. ‘నిదానంగా చదువు’ అంటే ఫలితం ఉండదు, ఎక్కడ ఆగాలో గీతలు పెట్టిస్తే ఉంటుంది.

ఇప్పుడు యాస. సరిదిద్దొద్దు. యాస వేరు, మాట అందకపోవడం వేరు. ‘ఏటి సేస్తన్నావు’ అన్న మాట చివరి బెంచీకి స్పష్టంగా అందితే అందులో లోపం లేదు. మీ పక్క విజయనగరంలోనే 1892లో కన్యాశుల్కం రంగస్థలం ఎక్కింది. ఇంట్లో మాట్లాడే భాష వేదిక మీద నిలబడుతుందని అది అప్పుడే రుజువు చేసింది. మీ కోర్సులో ఒకే విషయాన్ని రెండు రకాలుగా చెప్పించండి: ఒకసారి ఇంట్లో అమ్మమ్మకు చెప్పినట్టు, ఒకసారి జిల్లా కలెక్టరు ఎదుట అర్జీ వినిపించినట్టు. రెండూ రికార్డు చేసి పక్కపక్కన వినమనండి. మొదటిదాంట్లో గొంతు ఎంత స్వేచ్ఛగా ఎత్తుకుందో, రెండోదాంట్లో ఎక్కడ బిగుసుకుపోయిందో వాళ్ళే పట్టుకుంటారు. ఆ స్వేచ్ఛను రెండోదాంట్లోకి తెచ్చుకోవడమే సాధన.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది కదా, దాంతో ఉచ్చారణ పరీక్ష పెట్టి మార్కులు వేస్తే సులువు అనిపిస్తుంది. ఆ పని చేయకండి. సాఫ్ట్‌వేర్ మాటను ఒక్కటే వినదు, పక్క మాటల్ని బట్టి ఊహిస్తుంది. తప్పుగా పలికినదాన్ని కూడా ఒప్పుగా రాసేస్తుంది, యాసలో సరిగ్గా పలికినదాన్ని తప్పుగా రాస్తుంది. పల్లెనుంచి వచ్చిన పిల్లలకే ఎక్కువ నష్టం జరుగుతుంది. సాధనకు మాత్రం వాడుకోవచ్చు. ఒకే పేరా మూడుసార్లు చెప్పి, మూడుసార్లూ అదే మాట తప్పు పడితే ఆ మాట మీద ఒకసారి దృష్టి పెట్టమనండి. అంతవరకే.

వాయిస్ టైపింగ్‌కు ఇంతకంటే మంచి పని నాటకంలో ఉంది. స్క్రిప్టు రాయమంటే పిల్లలు కాగితం ముందు కూర్చుని సినిమా డైలాగులో, పాఠ్యపుస్తకం వాక్యాలో రాస్తారు. అలా కాకుండా ముందు ఆడించండి. బస్సు తప్పిపోయిన సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సులో ఇద్దరు, హాస్టల్ మెస్ బిల్లు దగ్గర ముగ్గురు. మూడు నిమిషాలు, చేతిలో కాగితం లేకుండా. దాన్ని రికార్డు చేసి, తర్వాత ఒకరు వింటూ వాయిస్ టైపింగ్‌లో మళ్ళీ పలుకుతూ అక్షరాల్లోకి దించాలి. తప్పులు దిద్దుకుని, అనవసరమైనవి సగం కొట్టేస్తే పది నిమిషాల నాటికకు మంచి పునాది దొరుకుతుంది. మాటలు నోట్లోంచి పుట్టినవి కాబట్టి మళ్ళీ నోట్లో ఇట్టే పడతాయి.

ఏఐతో రాయించిన ప్రసంగాల గురించి: ఎవరు రాశారో పట్టుకునే సాఫ్ట్‌వేర్లని నమ్ముకోకండి, అవి నిజంగా రాసుకున్న పిల్లల్ని కూడా దొంగలని చూపిస్తాయి. మీరు నేర్పేది రాత కాదు, మాట. కాబట్టి పరీక్షను మాట వైపు తిప్పండి. చేతిలో పోస్టుకార్డంత అట్టముక్క, దానిమీద ఐదు మాటలు, అంతకు మించి కాగితం ఉండకూడదు. మూడు నిమిషాలు మాట్లాడాక క్లాసునుంచి రెండు ప్రశ్నలు రావాలి, అక్కడికక్కడే జవాబు చెప్పాలి. ప్రసంగానికి ఎన్ని మార్కులో జవాబులకూ అన్ని పెట్టండి. అప్పుడు అరువు ప్రసంగం ఎవరికీ పనికిరాదు. ఏఐని ఇంట్లో ఎదుటి పక్షంగా వాడుకోమనండి: ‘మా ఊళ్ళో మద్యం దుకాణం వద్దు అని నేను మాట్లాడబోతున్నాను, దీన్ని వ్యతిరేకించేవాళ్ళు అడగగల పది ప్రశ్నలు ఇవ్వు’ అని అడిగితే ఉపయోగపడే సరుకు వస్తుంది. దాన్నే తెలుగులో ప్రసంగం రాయమంటే ‘నిర్వహించబడుతున్నది’, ‘అత్యంత ముఖ్యమైన పాత్ర పోషిస్తుంది’ అంటూ ఊపిరి తిరగని వాక్యాలు వస్తాయి. అలాంటి పేరా ఒకటి క్లాసులో పైకి చదివించి, ఎక్కడ ఊపిరి తెగిందో గీతలు పెట్టించి, అదే విషయాన్ని నోటితో చెప్పించండి. అదొక మంచి పీరియడ్ అవుతుంది.

వీడియో ఆరో వారం తర్వాత. నాటిక రిహార్సల్ తీసేటప్పుడు ఫోనును స్టాండుకు బిగించి, అడ్డంగా, హాలు మధ్యలో, కూర్చున్న ప్రేక్షకుడి కంటి ఎత్తున, అంటే నాలుగడుగుల ఎత్తున పెట్టండి. వేదిక మొత్తం ఫ్రేములో పడాలి. తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. పిల్లల చేతికిస్తే మాట్లాడేవాడి మీదికి జూమ్ చేస్తారు. అలా చేస్తే పక్కన నిలబడ్డవాళ్ళు వింటున్నారా, దిక్కులు చూస్తున్నారా అన్నది పోతుంది. కొత్త నటుల అసలు బలహీనత తన డైలాగు లేనప్పుడే బయటపడుతుంది. తెల్ల చొక్కాలు వెనక నల్లతెర ముందు మెరిసి మొహాలు పోతుంటే, తెర మీద మొహం దగ్గర వేలు కాసేపు నొక్కి పట్టి వెలుతురును లాక్ చేయాలి. చవక ఎల్‌ఈడీ లైట్ల కింద వీడియోలో చారలు పరిగెడితే కెమెరా ప్రో మోడ్‌లో షట్టరును 1/50కి గానీ 1/100కి గానీ మార్చండి. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కావడం వల్ల చాలావరకు పోతాయి.

చూసేటప్పుడు రెండుసార్లు చూడాలి. మొదటిసారి శబ్దం పూర్తిగా ఆపేసి. ఎవరు అనవసరంగా ఊగుతున్నారు, ఎవరు ప్రేక్షకులకు వీపు పెట్టారు, ఎవరి చేతులు ప్యాంటు జేబులు వెతుక్కుంటున్నాయి, అన్నీ అప్పుడే కనబడతాయి. కథ అర్థం కాకపోతే లోపం కదలికల్లో ఉందన్నమాట. రెండోసారి తెర మూసి శబ్దం మాత్రమే. రెండూ కలిపి చూస్తే కళ్ళు చెవుల్ని మోసం చేస్తాయి.

మైకుల విషయం. మన పరిషత్తు నాటకాల్లో వేలాడే మైకుల కిందికి నటులు చేరిపోవడం మీరు చూసే ఉంటారు. మీ రెండు చేతి మైకుల్ని స్టాండుకు పెట్టి వేదిక ముందు నిలబెడితే అదే జరుగుతుంది. నాటిక అంతా రెండు మైకుల చుట్టూ తిరుగుతుంది. 150 మంది పట్టే హాలైతే నాటికకు మైకు లేకుండానే ప్రయత్నించండి. ప్రసంగానికి మాత్రం మైకు వాడటం నేర్పాలి: గడ్డానికి బెత్తెడు దూరంలో, తల తిప్పితే మైకూ తిరగాలి, మైకు తలను గుప్పిట్లో మూయకూడదు. మూస్తే కీచుమని అరుస్తుంది. స్పీకర్లు మైకుకంటే ముందుకు, ప్రేక్షకుల వైపు ఉండాలి. మీ హాల్లో అవి వేదిక వెనక గోడకు బిగించి ఉంటే, ఎంత ఖరీదైన మైకు కొన్నా ఆ కీచు పోదు.

ప్రొజెక్టరుతో వెనక తెర మీద బొమ్మలు వేయాలన్న ఉత్సాహం పిల్లలకు ఉంటుంది. ముందునుంచి వేస్తే బొమ్మ నటుడి మొహం మీద పడుతుంది, నీడ తెర మీద పడుతుంది. నటుడి మీద లైటు వేస్తే బొమ్మ వెలిసిపోతుంది. తెర వెనక ఆరేడు అడుగులకు తగ్గకుండా చోటుంటే పల్చటి తెల్లగుడ్డ కట్టి వెనకనుంచి వేయండి, ప్రొజెక్టరు మెనూలో రియర్ అని ఉంటుంది, అది పెడితే బొమ్మ తిరగబడదు. చోటు లేకపోతే బొమ్మలు మానుకోండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకసమాజం రంగురంగుల చుట్టతెరలతో, తీగలతో ప్రేక్షకుల్ని మంత్రముగ్ధుల్ని చేసింది. అక్కడ ప్రతి తాడు చివరా ఏ మాటకు లాగాలో తెలిసిన మనిషి ఉంటాడు. మీ ల్యాప్‌టాప్ దగ్గర కూడా అలాంటి మనిషి కావాలి. నాటికలో వినిపించాల్సిన శబ్దాల ఫైళ్ళన్నిటికీ 01, 02 అని వరసగా పేర్లు పెట్టండి. ఏ డైలాగులో ఏ మాట వినగానే ఏ నంబరు నొక్కాలో కాగితం మీద ఉండాలి. వాటిని వినిపించే వీఎల్‌సీ ప్లేయర్‌లో ‘ప్లే అండ్ స్టాప్’ పెట్టకపోతే ఉరుము అయిపోగానే రైలు కూత దానంతటదే మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ ఆపేయండి, మెసేజ్ చప్పుళ్ళు హాలంతా వినిపిస్తాయి.

20 వేలకు ఏం కొనాలంటే: రెండు ఫోన్ స్టాండులు, రెండు తీగ ఉన్న కాలర్ మైకులు, ఒక టీబీ హార్డ్‌డిస్క్, మిగిలినదాంతో వేదిక మీద వెలుతురుకు రెండు ఎల్‌ఈడీ పార్ లైట్లు. చవక బ్లూటూత్ మైకులు వద్దు, గొంతు నాణ్యత తగ్గుతుంది, ఆలస్యంగానూ వస్తుంది. కాలర్ మైకు కొనేముందు ప్లగ్ చూడండి: దానిమీద మూడు గీతలుంటే ఫోనుకు, రెండే ఉంటే కెమెరాకు. కొత్త ఫోన్లకు ఆ గుండ్రటి కన్నమే ఉండదు కాబట్టి టైప్-సి అడాప్టరు కూడా తీసుకుని, మీ ఫోనుకే పెట్టి షాపులోనే ఒకసారి రికార్డు చేసి చూడండి.

హార్డ్‌డిస్క్ ఎందుకంటే, 60 మంది, తలా రెండు నిమిషాల వీడియోలు మూడేసి, మొత్తం 360 నిమిషాలు. 720పీలో తీసినా నిమిషానికి సుమారు 60 ఎంబీ చొప్పున 21 జీబీ దాటుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. అసలు వాట్సాప్ గ్రూపులో పెట్టకపోవడమే మంచిది, ఆడపిల్లల వీడియోలు ఒకసారి గ్రూపు దాటితే మళ్ళీ మన చేతిలో ఉండవు. మొదటి వారమే కాగితం మీద సమ్మతి తీసుకోండి: ఎందుకు తీస్తున్నారు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు. 18 నిండనివాళ్ళకు తల్లిదండ్రుల సంతకం కూడా. వీడియో వద్దన్నవాళ్ళకు గొంతు రికార్డింగుతోనే అన్ని మార్కులూ వచ్చే వీలుండాలి. సెమిస్టర్ ఫలితాలు రాగానే హార్డ్‌డిస్క్ చెరిపేసి, ఆ విషయం పిల్లలకు చెప్పండి.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థకు పంపే ఫైలుకు వీడియో కావాలని ప్రిన్సిపాల్ గారు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకున్న పిల్లలవే మూడు నిమిషాల ముక్క ఇవ్వండి. కాలేజీలో మీ అధ్యాపకులు, విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు ఎవరి నాటకమైనా ఆడుకోవడానికి కాపీరైట్ చట్టం వీలిస్తుంది. దాన్ని యూట్యూబ్‌లో పెడితే ఆ వెసులుబాటు వర్తించదు. రచయిత పోయి 60 ఏళ్ళు దాటిన నాటకమో, మీ పిల్లలు తామే అల్లుకున్న నాటికో అయితే ఆ బెంగ లేదు.